విప్పని తెప్ప

1967 నవంబరు 16, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఉప్పుమొగ పల్లె ఎదుట సముద్రంలో గాలిస్తున్న సర్కారు లాంచీ పని ఆపి దక్షిణానికి తిరిగింది. పల్లె మొత్తం ఒడ్డున ఉంది. లాంచీ ఎందుకు తిరిగిందో అక్కడున్న వాళ్ళలో ఒక్కరికే తెలుసు. ఇంకొకరు అప్పుడే తెలుసుకుంటున్నారు.

తెలిసినవాడు గణపతిరావు. నౌపడ ఉప్పు కొటారులో గుమాస్తా. తెలుసుకుంటున్నది పద్మకుమారి. తిరిగి రాని ఎర్రన్న కూతురు.

తుఫాను ఆదివారం కొట్టింది. ఆ ఉదయం వేటకు పోయిన తెప్పలన్నీ తిరిగి వచ్చాయి. ఎర్రన్న తెప్ప రాలేదు. దాని మీద ఎర్రన్నతోపాటు సోములు కొడుకు లక్ష్ముడు ఉన్నాడు. లక్ష్ముడు పద్మకుమారికి వరసకు బావ. వేసవిలో పెళ్ళి చేద్దామని రెండిళ్ళ పెద్దలూ మాట అనుకున్నారు. మంగళవారం లాంచీ వచ్చింది. బుధవారం దాని కళాసీలకు నీళ్ళలో ఒక తెడ్డు దొరికింది. పిడికి చుట్టిన తాడు చూసి, అది తను చుట్టిందేనని ఎర్రన్న భార్య చిన్నతల్లి చెప్పింది. తెడ్డు ఇమ్మని అడిగింది. ఆనవాలుగా ఉండాలని ఆఫీసరు ఇవ్వలేదు.

తెప్ప అంటే నాలుగైదు దుంగలు, వాటిని కట్టే తాడు. వేట నుంచి వచ్చాక తాడు విప్పి దుంగలను ఇసక మీద ఆరబెడతారు. ఆరకపోతే దుంగలు నీరు తాగి బరువెక్కుతాయి. కానీ ఊరి తెప్ప ఒకటి రానప్పుడు ఉప్పుమొగలో ఎవరూ తాడు విప్పరు. వెతకడానికి ఎప్పుడు పోవలసి వస్తుందో తెలియదు. విప్పడమంటే రాని మనిషిని వదులుకోవడం. అందరూ విప్పిన రోజునే ఆ ఇంటి ఆడమనిషికి గాజులు తీస్తారు. ఆదివారం నుంచి తెప్పలన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. వేటకు ఒక్కటీ పోలేదు. ఇళ్ళల్లో ఎండు చేపలు అయిపోయి గంజి మిగిలింది.

గురువారం మధ్యాహ్నం, లాంచీ తిరగడానికి ముందు, ఆఫీసరు చిన్న పడవలో, ఉప్పునీటి పాయ సముద్రంలో కలిసే మొగలోకి వచ్చి ఒడ్డున దిగాడు. బెంగాలీ ఆయన. తెలుగు రాదు. మొదటి రోజు నుంచీ ఆయన మాట పల్లెకు, పల్లె మాట ఆయనకు గణపతిరావు చెబుతున్నాడు. ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంగ్లీషులో వేగంగా మాట్లాడాడు. పద్మకుమారి దగ్గరలోనే నిలబడి ఉంది. కోటబొమ్మాళి హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఆ వేగంలో ఆమెకు ఎక్కువ అందలేదు. చివర్లో ఆయన ఆగాడు. నెమ్మదిగా రెండు ముక్కలు అన్నాడు.

"ది సెర్చ్ ఈజ్ కాల్డ్ ఆఫ్. ప్లీజ్ టెల్ దెమ్."

రెండో ముక్క ఆమెకు పూర్తిగా అర్థమైంది. వీళ్ళకు చెప్పండి అంటున్నాడు. మొదటి ముక్కలో సెర్చ్ అంటే వెతకడం. ఆ తర్వాతిది తెలియలేదు.

ఆఫీసరు వెళ్ళి పడవెక్కాడు. ఎర్రన్న అన్న రాముడు గణపతిరావు దగ్గరికి వచ్చాడు.

"ఏటన్నాడు బాబూ?"

గణపతిరావు చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు ముందుకు వచ్చారు. చిన్నతల్లి అందరికన్నా ముందుంది.

"ఉత్తరం వైపు చూస్తారట" అన్నాడు గణపతిరావు. "ముందు దక్షిణంగా లోతు నీళ్ళలోకి పోయి, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరుగుతారట."

"రాత్రికి అక్కడే ఉంటారా?"

"ఉంటారు."

అని సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. లాంచీ దక్షిణంగా పోయి చిన్నదైంది. రాముడు దాన్ని చూస్తూ, పక్కనున్న తోటి వేటగాడు ఎల్లాజీతో అన్నాడు.

"లాంచీ ఉన్నాదంటే మనమూ ఎల్లొచ్చు. తెప్ప తిరగబడినా తీస్తాది. నాలుగు రోజుల్నుంచి ఒడ్డున కూకున్నాం. ఇంకెన్నాళ్ళు కూకుంటాం?"

"కెరటం ఇంకా తగ్గలేదన్నా."

"తగ్గీదాకా ఆగితే మా తమ్ముడు ఆగుతాడేటి?"

సోములు లేచి రాముడి తెప్ప దగ్గరికి నడిచాడు.

పద్మకుమారి ఇవన్నీ విన్నది. ముందురోజు ఆఫీసరు ఇవ్వనన్న తెడ్డు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఆమె గణపతిరావును ఉప్పు మళ్ళ గట్టు మీద అందుకుంది. గట్టు సన్నం. వర్షానికి రెండు చోట్ల తెగింది. ఆయన సైకిలు దిగి నడిపిస్తున్నాడు.

"బాబుగారూ, కాల్డ్ ఆఫ్ అంటే ఏటండి?"

గణపతిరావు నడక ఆపలేదు. "పిలవడం."

"ఎవల్ని పిలిసినారు?"

"లాంచీని. పై ఆఫీసు వాళ్ళు పిలిచారు."

"మరి ఉత్తరానికి ఎల్తాదన్నారు గదండి."

ఆయన ఆగాడు. "నీకెందుకమ్మా ఇదంతా? ఇంటికి పో. మీ అమ్మ దగ్గర కూర్చో."

"నాకు ఆ మాట తెల్దు బాబుగారూ. కాల్ తెలుసు. ఆఫ్ తెలుసు. రెండూ కలిపితే తెల్దు. ఇలాంటియి వచ్చినప్పుడు మాటని పట్టుకోకండి, సుట్టూ ఏటి జరుగుతందో సూడండి అని మా లక్ష్మీనరసమ్మ టీచరుగారు సెప్తారు. అందుకని ఆయన్ని సూసినాను." పరుగెత్తి రావడం వల్ల ఆమెకు ఆయాసంగా ఉంది. మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంది. "మంగళారం వచ్చినప్పుడు ఆయన టోపీ తీయలేదు. ఇవాళ తీసినాడు. నిన్న మా అమ్మ అడిగితే తెడ్డు ఇవ్వలేదు. ఇవాళ ఎవలూ అడగలేదు, తెచ్చి నా సేతిలో ఎట్టినాడు. ఆ కళాసీ దుర్భిణి పెట్టెలో ఎట్టి మూత ఏసీసినాడు. ఎతికీ మనిషి దుర్భిణి పెట్టెలో ఎడతాడా బాబుగారూ?"

గణపతిరావు సైకిలు స్టాండు వేయబోయాడు. మట్టిలో నిలవలేదు. పడుకోబెట్టి, గట్టు మీద కూర్చున్నాడు.

"ఎతకడం మానీసినారు. అదేనా?"

"అదే."

"మళ్ళీ వస్తారా?"

"రారు."

ఆమె తెడ్డును రెండో చేతిలోకి మార్చుకుంది. తర్వాత గణపతిరావే చెప్పాడు.

"చెబుదామనే నోరు తెరిచానమ్మా. మీ అమ్మ నా ఎదురుగా ఉంది. ఆవిడ చేతులు కనిపించాయి. నేను ఆ మాట అంటే సాయంత్రానికి ఆ గాజులుండవు. మీ పల్లె సంగతి నాకు తెలుసు కదా. రేపు తాలూకా ఆఫీసు నుంచి ఎవరో వస్తారు, వాళ్ళే చెబుతారు అనుకున్నాను. ఒక్క రాత్రి. అంతకు మించి ఏమీ అనుకోలేదు."

"ఆ ఒక్క రాత్రీ మా పెదయ్య సముద్రం మీద ఉంటాడు."

"ఏమిటి?"

"తెప్ప దింపుతన్నారు. పెదయ్య, సోములు మావ, ఎల్లాజీ. లాంచీ అక్కడే ఉంటాదని మీరు సెప్పినారు గదా. తెప్ప తిరగబడితే లాంచీ తీస్తాదంట."

గణపతిరావు లేచాడు. సముద్రం వైపు చూశాడు. గట్టు మీద నుంచి తెల్లటి నురగ గీత ఒక్కటే కనిపిస్తోంది.

"నువ్వు ముందు పరుగెత్తు" అన్నాడు. సైకిలు అక్కడే వదిలేసి ఆమె వెనక నడిచాడు.

వాళ్ళు వచ్చేసరికి రాముడి తెప్పను నీళ్ళ వైపు లాగుతున్నారు. నాలుగు రోజులు కట్టి ఉన్న దుంగలు బరువెక్కాయి. ఎల్లాజీ ముందు ముడి బిగిస్తున్నాడు. ఎర్రన్న తల్లి తాతమ్మ పక్కన నిలబడి వాడి చేతుల్నే చూస్తోంది.

"అదేటిరా ఆ ముడి? నీ పెళ్ళాం కొప్పనుకున్నావేటి, అలా వదులుగా కడతన్నావు?"

"నా పెళ్ళాం కొప్పు నువ్వెప్పుడు సూసినావే ముసలీ?"

"ఎప్పుడు సూసినా ఊడిపోయే ఉంటాది. కట్టినోడివి నువ్వే అనుకున్నాను."

ఒకరిద్దరు నవ్వారు. ఆదివారం తర్వాత ఆ ఒడ్డున నవ్వు వినిపించడం అదే మొదలు. చిన్నతల్లి కూడా తల ఎత్తి చూసింది. ఆమె గంజి కుండ, మిరపకాయలు మూట కట్టి తెచ్చింది. మూట రాముడికి అందించబోతూ అంది.

"బావా, ఆయనకి ఆకలిగా ఉంటాది. దొరికీగానే ముందు గంజి పట్టించు. ఒకేపాలి ఎక్కువ పట్టించకు."

పద్మకుమారి వచ్చి తెప్పకు అడ్డంగా నిలబడింది.

"పెదయ్యా, ఎల్లకండి. లాంచీ నేదు."

"తప్పుకోయే గుంటా. పాటు మొదలెట్టీసింది, నీరు ఎనక్కి లాగతంది."

"లాంచీ ఎల్లిపోనాది. ఎతకడం మానీసినారు. ఆపీసరు సెప్పింది అదే. మళ్ళీ రారు."

రాముడు తాడు వదల్లేదు. "బాబు ఉత్తరానికి ఎల్తాదన్నాడు గదే?"

"బాబు అబద్ధం సెప్పినాడు."

అందరూ గణపతిరావు వైపు చూశారు. ఆయన అప్పుడే ఇసక దిబ్బ దిగుతున్నాడు. అందరూ చూస్తుంటే అక్కడే ఆగిపోయాడు.

చిన్నతల్లి కూతురి దగ్గరికి వచ్చింది.

"నీకెవరు సెప్పినారే?"

"నానే ఇన్నానమ్మా."

"ఇంగిలీసులోనా?"

"ఆఁ."

"నీకు ఇంగిలీసు రాదు."

చిన్నతల్లి రోజూ ఉదయం నౌపడలో రైలెక్కి కోటబొమ్మాళి సంతకు చేపలు తీసుకుపోతుంది. కూతురు అదే రైల్లో బడికి పోతుంది. స్టేషను రాగానే బోర్డు మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో చదవమంటుంది. కూతురు చదివితే పెట్టెలో ఉన్నవాళ్ళకు చెబుతుంది, మా గుంటకి ఇంగిలీసు వచ్చు అని. బుట్ట వాసనకు ముక్కు మూసుకున్న వాళ్ళకు మరీ గట్టిగా చెబుతుంది. పల్లెలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"నీకు రాదు" అని మళ్ళీ అంది. "ఆ మాట నీ బుక్కులో ఉన్నాదా?"

"నేదమ్మా."

"ఇన్నారా? బుక్కులో నేదంట. బుక్కులో నేని మాటకి అర్తం సెప్తంది. బావా, దీని మాట ఇనకు. ఎల్లు. తెప్ప దింపు."

పద్మకుమారి గట్టు మీద చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. టోపీ, తెడ్డు, దుర్భిణి పెట్టె. ఈసారి ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. తెడ్డు మాట వచ్చినప్పుడు రాముడు ఆమె చేతిలో ఉన్న తెడ్డును చూశాడు. ఆ తర్వాత గణపతిరావును అడిగాడు.

"బాబూ, ఇది నిజమేనా?"

గణపతిరావు తల ఊపాడు.

"తల ఊపితే కాదు" అంది చిన్నతల్లి. "నోటితో సెప్పండి."

"నిజమేనమ్మా."

"మరి అప్పుడేల సెప్పలేదు?"

ఆయన ఆమె చేతుల గాజుల వైపు చూశాడు.

అప్పటిదాకా నోరు విప్పని సోములు తెప్పకు అవతలి వైపు నుంచి పద్మకుమారిని అడిగాడు.

"మా లక్ష్ముడిని కూడా మానీసినారా?"

"ఆఁ, మావా."

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ."

సోములు తల మీది గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. పద్మకుమారి తెడ్డును ఇసకలో గుచ్చి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

రాముడు తెప్ప మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఎల్లాజీ వేసిన ముడి దగ్గరికి వంగాడు. తాడు తడిసి బిగుసుకుంది. వేళ్ళకు రాలేదు. పళ్ళతో పట్టి లాగాడు. ముడి ఊడింది. మొదటి దుంగ పక్కకు దొర్లింది.

చిన్నతల్లి అరవలేదు. గంజి కుండ ఉన్న మూటను ఇసక మీద పెట్టి చూస్తూ నిలబడింది.

ఎల్లాజీ వెళ్ళి తన తెప్ప విప్పాడు. తర్వాత ఒక్కొక్కరే పోయారు. ఒడ్డు పొడుగునా దుంగలు ఇసక మీద పడుతున్న చప్పుడు సాయంత్రం దాకా వినిపించింది. పద్మకుమారి ఆ చప్పుళ్ళు వింటూ అక్కడే ఉంది.

చివరికి సోములు తెప్ప మిగిలింది. అది చిన్నది. మొగలో వల వేయడానికి వాడతాడు. చిన్నతల్లి వెళ్ళి దాని మీద కూర్చుంది.

"దీన్ని ఇప్పనివ్వను."

"సిన్నతల్లీ, లెగమ్మా" అన్నాడు రాముడు. "అందరూ ఇప్పీసినారు."

"అందరూ ఇప్పుకోండి. దీన్ని ముట్టుకుంటే ఊరుకోను."

రాముడు సోములు వైపు చూశాడు. తెప్ప ఆయనది. విప్పవలసింది ఆయనే.

"ఉండనీ రాముడూ" అన్నాడు సోములు.

తాతమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఆమె కూడా ఏడవలేదు. కోడలి మణికట్టు పట్టుకుంది. నాలుగేళ్ళ కిందట తన చేతికి కూడా ఈ ఒడ్డు మీదే గాజులు తీశారు. ఆ రోజు ఆమెను పట్టుకుని కూర్చున్నది చిన్నతల్లి.

"రేపు పొద్దున అత్తా" అంది చిన్నతల్లి. "ఇవాళ వొద్దు."

"ఇవాళే సెయ్యాలి కోడలా."

"ఒక్క రాత్రి. నానేటీ అడగలేదు నిన్ను ఇన్నాళ్ళూ."

తాతమ్మ చేయి వదిలింది. "రేపు పొద్దున్నే" అంది. లేచి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకు చిన్నతల్లి ఇంటికి వచ్చింది. రాముడి కోసం కట్టిన మూట విప్పి ఆ గంజే కూతురికి పోసింది. తను తాగలేదు. తెడ్డు గోడకు ఆనించి ఉంది. దాని పిడికి చుట్టిన తాడు ఒక చోట వదులైంది. చిన్నతల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, విప్పి మళ్ళీ గట్టిగా చుట్టింది.

"ఆ మాట ఇంకోపాలి అను" అంది.

"ఏ మాటమ్మా?"

"ఆపీసరన్న మాట."

"కాల్డ్ ఆఫ్."

చిన్నతల్లి పెదాలు కదిపి చూసింది. "కాల్డాప్" అంది. కూతురిని అడిగింది.

"అంతేనా?"

"అంతేనమ్మా."

"ఇద్దరు మనిసులకి అంతేనా?"

పద్మకుమారి గంజి గిన్నె కింద పెట్టింది. అప్పుడు ఏడ్చింది. చిన్నతల్లి కూతురి తల తన ఒళ్ళోకి తీసుకుంది. జుట్టు చిక్కు తీస్తూ కూర్చుంది.

"నువ్వు సెప్పకపోతే మీ పెదయ్య పోయీవోడు. మంచి పని సేసినావు. నీకు ఇంగిలీసు బాగా వచ్చు." చిక్కు తీయడం ఆపి అంది. "సోములు మావ ఇంటికి గంజి ఇచ్చి వస్తాను. ఆ మనిసికి వండి పెట్టీవోళ్ళు నేరు. నువ్వు తొంగో."

చిన్నతల్లి కుండ తీసుకుని వెళ్ళింది. పద్మకుమారి ఆమె తిరిగి వచ్చేదాకా మెలకువగా ఉందామనుకుంది. నాలుగు రోజులుగా ఆమెకు నిద్ర లేదు. నిద్రపోయింది.

శుక్రవారం తెల్లవారుతుండగా తాతమ్మ వచ్చి తలుపు తట్టింది. ఆమె వెంట ముత్తయిదువలు కాని ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్ళు ఉన్నారు. చిన్నతల్లి ఇంట్లో లేదు. చాప పరిచినట్టు కూడా లేదు. పద్మకుమారి సోములు ఇంటికి పరుగెత్తింది. తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. గంజి కుండ ఖాళీగా గుమ్మం దగ్గర ఉంది. కడిగి బోర్లించి ఉంది.

రాముడు తన ఇంట్లోనే ఉన్నాడు. ఎల్లాజీ ఇంట్లోనే ఉన్నాడు. పద్మకుమారి కేక విని ఇద్దరూ ఒడ్డుకు వచ్చారు.

విప్పిన దుంగలు రాత్రి పెట్టినవి పెట్టినట్టే ఇసక మీద ఉన్నాయి. రాత్రి పోటుకు నీరు సోములు తెప్ప దగ్గర దాకా వచ్చినట్టు తడి గీత ఉంది. తెప్ప లేదు. అది ఉన్న చోటు నుంచి తడి గీత దాకా లాగిన జాడ ఉంది. జాడకు అటొక జత, ఇటొక జత అడుగులు. ఒక జత చిన్నవి. అవి నీళ్ళ వైపు పోయాయి. వెనక్కి వచ్చిన అడుగులు లేవు.

పద్మకుమారి ఇంటికి వచ్చి చూసింది. గోడకు ఆనించిన తెడ్డు అక్కడ లేదు.